లక్షలో మిగిలే ఒకటి

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. నాకు రాయడం రాదండి. ఐదో తరగతి ఏదోలా గట్టెక్కాను, ఆ తరవాత మళ్ళీ బడి మొహం చూడలేదు. ఇన్నేళ్ళలో నేను రాసిందల్లా కిరాణా కొట్టుకి చీటీలు, మా అమ్మకి ఒకటో రెండో కార్డుముక్కలు. అక్షరాలు వంకరగా ఉన్నా, ఒకచోట చెప్పాల్సింది ఇంకోచోట చెప్పినా పెద్దమనసు చేసుకుని చదవండి.

మా అబ్బాయి తెచ్చే వారపత్రికలో ‘మరచిపోలేని మనిషి’ గురించి రాసి పంపమని అడుగుతుంటారు. అందులో అందరూ దేవుడిలాంటి మేష్టారు, తల్లిలాంటి అత్తగారు అని రాస్తున్నారు. చదివితే బాగుంటుంది. కానీ నాకు మరచిపోలేని మనిషి అలాంటి మనిషి కాదు. ఆయన్ని తలుచుకుంటే నాకు అసహ్యం. అసహ్యమైనవాళ్ళ గురించి రాయకూడదని ఆ పత్రికలో ఎక్కడా వెయ్యలేదు కాబట్టి రాస్తున్నాను.

మొన్న నిడదవోలు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే బస్సెక్కాను. కండక్టరు టికెట్టు చింపడానికి బొటనవేలు నాలిక మీద రాసుకున్నాడు. చింపిన టికెట్టు తడితడిగా నా చేతిలో పెట్టాడు. నేను గబుక్కున కిటికీలోంచి తల బయటికి పెట్టాను. చెయ్యి కొంగుకి తుడుచుకున్నాను, అయినా ఆ తడి పోలేదు.

పక్కన కూర్చున్నావిడ “ఏంటమ్మా, బస్సు పడదా?” అంది.

“కాదండి. మా బావగారు గుర్తొచ్చారు” అన్నాను.

ఆవిడ ఏమనుకుందో ఏమో, నవ్వింది. నేను నవ్వలేదు.

బావగారంటే మా ఆయనకి స్వయానా అన్నగారు. నిడదవోల్లో ఒకటే ఇంట్లో ముందు వాటాలో వాళ్ళు, వెనక వాటాలో మేము ఉండేవాళ్ళం. ఆయన రైసుమిల్లులో గుమాస్తా. మా ఆయన ఆ మిల్లులోనే లారీ నడిపేవారు. బావగారు రాజమండ్రిలో కాలేజీకి వెళ్ళి లెక్కల డిగ్రీ చదువుతూ మధ్యలో మానేశారట. ఎందుకు మానేశారో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయన మీద ఇంత అసహ్యం ఉండి కూడా ‘ఆయన’ అనకుండా ‘వాడు’ అని రాద్దామంటే పెన్ను కదలడం లేదు. అలవాటు అలాంటిది.

ఆయనకి ముక్కుపొడుం అలవాటు. పొడుం తియ్యడానికని కుడిచేతి చిటికెనవేలి గోరు పెంచేవారు. ఆ గోరు ఎప్పుడూ గోధుమరంగులో ఉండేది. పొడుం పీల్చాక వేళ్ళు అరుగు స్తంభానికి రాసేవారు. మా ముందు వాటా స్తంభానికి ఆయన చెయ్యందేంత ఎత్తున ఒక మరక ఉండేది, సున్నం వేసిన నెలకే మళ్ళీ తేలేది. కేలండరు కాగితం తిప్పినా, పేపరు తిప్పినా వేలు నాలిక మీదికి పోవాల్సిందే. ఆయన చదివాక పేపరు కింద మూలలన్నీ పొడుం రంగులో ఉబ్బిపోయి ఉండేవి. నేను ఆ పేపరుని పొయ్యి అంటించడానికి కూడా పట్టుకునేదాన్ని కాదు.

బస్సు దిగినవాళ్ళెవరైనా వీధిలో ఎదురైతే “ఏదీ, టికెట్టు ఇలా పట్రా” అనేవారు. టికెట్టు మీద నంబరు చూసి, పెదాలు కదిపి, “ఏడుకి తెగుద్ది” అనో “తొమ్మిదికి తెగుద్ది” అనో, అంటే ఆ అంకెతో భాగిస్తే ఏమీ మిగలదని చెప్పి, ఆ టికెట్టుని సన్నగా చుట్టి దాంతో పళ్ళు కుట్టుకునేవారు. తరవాత దాన్ని తిరిగిచ్చేసేవారు కూడా! పుచ్చుకున్నవాళ్ళ మొహాలు చూడాలి.

ఫోన్లు ఇంకా ఇంటింటికీ రాని రోజులు. మా వీధి చివర ఎస్టీడీ బూత్ పెట్టారు. బోర్డు మీద నంబరు రాయించిన మర్నాడే ఈయన వెళ్ళి దాని ముందు నిలబడ్డారు. చాలాసేపు నిలబడ్డారు. బూత్ అతను బయటికొచ్చి “ఏంటండి, ఫోన్ చేసుకోవాలాండి?” అన్నాడు.

“నీ నంబరు దేనికీ తెగట్లేదయ్యా. పదమూడు చూశాను, పదిహేడు చూశాను. మొండిదిలా ఉంది.”

“అయితే మంచిదాండి, చెడ్డదాండి?”

“అంకెకి మంచీ చెడ్డా ఏంటయ్యా నీ మొహం! తెగితే తెగుద్ది, లేపోతే లేదు.”

ఆయన అదృష్టం నంబర్లూ అవీ చెప్పేవారు కాదు. జాతకాలవాళ్ళంటే ఆయనకి మంట. ఆ ఒక్కటీ ఒప్పుకోవాలి. కానీ బూత్ అతను పాపం ఎవరో సిద్ధాంతి దగ్గరికి వెళ్ళి నంబరు మార్పించుకోవాలా అని అడిగొచ్చాడట. అది తెలిసి ఈయన అరుగు మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వారు. మనుషులు భయపడితే ఆయనకి నవ్వొచ్చేది.

మనుషుల్ని కూడా అలాగే చూసేవారు. నన్ను “మొండి అంకె” అనేవారు, నేను ఎదురు మాట్లాడతానని. మా ఆయన్ని “రెండుకి తెగే రకం” అనేవారు, ఎవరేం చెప్పినా అటో కాలూ ఇటో కాలూ వేస్తారని. ఆయన భార్యని మాత్రం ఏ అంకె పెట్టీ పిలవలేదు. అసలు ఆవిడ ఒక మనిషని లెక్కలో వేసుకున్నారో లేదో.

ఆవిడని నేను అక్కా అనేదాన్ని. వరసకి తోడికోడలైనా నాకు సొంత అక్క కంటే ఎక్కువ. అక్క మాట్లాడ్డం తక్కువ. శుభ్రం ఎక్కువ. తాగిన గ్లాసు కూడా రెండుసార్లు తోమేది. అలాంటి మనిషికి ఇలాంటి మొగుడు.

ఒకసారి బావగారికి గుండెల్లో నొప్పొచ్చింది. మిల్లు లారీలోనే మా ఆయన రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టర్లు గట్టిగా ఏ మాటా చెప్పలేదు. అక్క ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, ఆయన బతికి ఇంటికొస్తే వచ్చే కార్తీక పౌర్ణమికి శివుడి ముందు లక్షవత్తులు వెలిగిస్తానని మొక్కుకుంది. ఆయన బతికి ఇంటికొచ్చారు. ఇంక మొక్కు తీర్చాలి. తీరిస్తే ఆ ప్రాణం నిలబడుతుంది, తీర్చకపోతే నిలబడదు. అక్క నమ్మకం అంతే. దాని ముందు ఎవరేం చెప్పినా వినేది కాదు.

లక్షవత్తులంటే బజార్లో ప్యాకెట్లు కొని పోసెయ్యడం కాదండి. అక్క పెరట్లో పత్తి మొక్కలు వేసింది. పగిలిన కాయ కోసి, గింజ తీసి, దూది విడదీసి, ఆవుపాలు వేళ్ళకి రాసుకుని పోగు లాగి, అరచేతిలో నలిపి వత్తి చేసేది. తలస్నానం చేసి తడిబట్టతో మడి కట్టుకునే కూర్చునేది. బయట చేరిన రోజుల్లో ఆ గది గుమ్మం కూడా తొక్కేది కాదు. తుమ్ము వస్తే లేచి పెరట్లోకి పోయి తుమ్మి, చేతులు కడుక్కుని వచ్చేది. వత్తుల్ని నూట ఎనిమిదేసి లెక్కపెట్టి పసుపు దారంతో కట్టేది. కొత్త వెదురుబుట్టలో ఉతికిన పంచె పరిచి అందులో పేర్చేది. ఎలకలు ముట్టకుండా బుట్టని దూలానికి వేలాడదీసింది. నన్ను కూడా ముట్టుకోనిచ్చేది కాదు. “నువ్వు దూది గింజలు తియ్యి చెల్లీ, చాలు” అనేది.

నిండా ఏడాది పట్టింది. దసరా వెళ్ళాక ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. బావగారు అరుగు మీద కూర్చున్నారు, నేను కింద మెట్టు మీద ఉన్నాను. అక్క గుమ్మంలో నిలబడి, ఆవిడ మొహంలో ఎప్పుడూ చూడని సంతోషంతో, “ఏవండీ, కట్టలన్నీ అయిపోయాయండి” అంది.

“ఎన్నే?”

“తొమ్మిదొందల ఇరవై ఆరండి. పంతులుగారు అన్ని కట్టమన్నారు.”

ఆయన కళ్ళు మూసుకున్నారు. ఎంతోసేపు కాదు.

“లక్షా ఎనిమిది” అన్నారు. “ఎనిమిది ఎక్కువ.”

“ఎక్కువైతే ఏమవుతుందండి?”

“ఏమవుద్దా? లక్ష కాదు. నువ్వు మొక్కింది లక్షా, లక్షా ఎనిమిదా?”

“లక్షేనండి. అయితే ఒక కట్ట తగ్గిస్తాను.”

“వంద తక్కువవుతాయి” అన్నారాయన. నవ్వు ఆగక వచ్చేస్తోంది ఆయనకి. “నూట ఎనిమిదికీ లక్షకీ జన్మలో పొత్తు కుదరదే పిచ్చిదానా. ఆ చింతపిక్కలు పట్రా. అమ్మాయ్, నువ్వూ రా. నీ ఐదో క్లాసు బుర్రకి కూడా ఎక్కుద్ది ఇది.”

వామనగుంటలు ఆడుకునే చింతపిక్కల డబ్బా నేనే తెచ్చాను. ఆయన పది పిక్కలు లెక్కపెట్టి నా ముందు పోశారు.

“మూడేసి కుప్పలు పెట్టు.”

పెట్టాను. మూడు కుప్పలయ్యాయి.

“ఎన్ని మిగిలాయి?”

“ఒకటండి.”

“మరి వంద పిక్కలకి? వందంటే పది పదులు. ఒక్కో పదిలోనూ ఒకటి మిగిలింది. మొత్తం ఎన్ని మిగిలాయి?”

“పదండి.”

“ఆ పదినీ మళ్ళీ మూడేసి పంచు.”

“ఒకటి మిగులుతుందండి.”

“వెయ్యికి?”

నేను కాస్త ఆలోచించాను. “ఒకటేనండి.”

“లక్షకి?”

“ఒకటే.”

“కోటికి? పది కోట్లకి? ఒకటేనమ్మా, ఒకటే!” అన్నారాయన. “వెనకాల సున్నాలు పెట్టుకుంటూ ఎంత దూరమైనా పో, ఈ ఒక్క పిక్కని వదిలించుకోలేవు.”

ఆ పిక్కని అరచేతిలో పెట్టుకుని చూశారు. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, అప్పుడు ఆయన మొహం బాగుంది. పురిటిబిడ్డని చూసే మనిషి మొహంలా ఉంది. నాకు కూడా ఒళ్ళు జల్లుమంది. లక్ష పిక్కలు ఎవరూ పోసి చూడక్కర్లేదు, చివర మిగిలేది ఒకటేనని ఇక్కడే కూర్చుని చెప్పేయొచ్చన్న మాట! అలాంటిది ఒకటుందని నాకు బళ్ళో ఎవరూ చెప్పలేదు. ఆ కాసేపూ నేను పొడుం సంగతి మరిచిపోయాను.

“ఇప్పుడు నూట ఎనిమిది తీసుకో. మూడేసి పంచితే ముప్ఫై ఆరు కుప్పలు, ఒక్కటీ మిగలదు. అలాంటి కట్టలు ఎన్ని కలిపినా ఏం మిగులుద్ది?”

“ఏం మిగలదండి.”

“మరి లక్షకి ఒకటి మిగలాలి కదా? ఇంక నూట ఎనిమిదేసి కట్టి లక్ష ఎలా చేస్తారే మీరు? మీ పంతులూ, మీ నోములూ!”

పకపకా నవ్వారు. నవ్వు తుమ్ములోకి మారింది. తుమ్మి, చెయ్యి స్తంభానికి రాశారు. నాకు వచ్చిన ఆ కాస్త ముచ్చటా అక్కడే పోయింది.

అక్క గుమ్మంలోనే ఉంది. “అయితే ఏడాదంతా నేను చేసింది తప్పాండి?” అంది.

“తప్పే” అన్నారు.

తరవాతెప్పుడో మా అబ్బాయి పదో తరగతిలో ఉండగా ఈ లెక్క వాణ్ణి అడిగాను. వాడు కాగితం మీద వేసి చూసి, “నిజమేనమ్మా, పెదనాన్న చెప్పింది కరెక్టే” అన్నాడు. తప్పు చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. ఒక అబద్ధాలకోరని తీసిపారేసేదాన్ని. నిజం చేతిలో పెట్టుకుని కట్టుకున్నదాన్ని ఏడిపించిన మనిషిని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ సాయంత్రం వంటింట్లో అక్క నన్ను మెల్లిగా అడిగింది. “చెల్లీ, ఆఖరి కట్టలోంచి ఎనిమిది తీసేస్తే లక్షే కదా?”

“లక్షే అక్కా.”

మర్నాడు తలస్నానం చేసి, ఒక కట్ట విప్పి, ఎనిమిది వత్తులు తీసి, రోజూ పెట్టే దీపానికని దేవుడి గూట్లో పెట్టింది. ఆ మాట ఆయనకి చెప్పింది. చేతిలో బొమ్మ లాక్కుంటే చంటిపిల్లాడి మొహం ఎలా అవుతుందో అలా అయింది ఆయన మొహం. అన్నం తినేసి లేచారు. చెయ్యి కడుక్కుంటూ, “సరే, మిగతా కట్టల్లో నూట ఎనిమిదే ఉన్నాయని నమ్మకం ఏంటే? ఒక్క కట్టలో ఒక్క వత్తి తేడా వచ్చినా లక్ష కాదు” అన్నారు.

“నేను లెక్కపెట్టే కట్టానండి.”

“నువ్వు లెక్కపెట్టావ్!” అని నవ్వి, పుక్కిలించి ఉమ్మేశారు.

ఇంక వారం పది రోజుల్లో పౌర్ణమి అనగా పోలవరం నుంచి కబురొచ్చింది. అక్క వాళ్ళ వదినగారు మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకుందట. అక్క వెళ్ళక తప్పలేదు. బుట్ట తాడు బిగించి, గది తలుపు దగ్గరగా వేసి, “ఆయనకి అన్నం పెడుతూ ఉండు చెల్లీ” అని చెప్పి వెళ్ళింది.

రెండో రోజు మధ్యాహ్నం నేను కంచం పట్టుకుని ముందు వాటాలోకి వెళ్ళాను. గది తలుపు తెరిచి ఉంది. బుట్ట దూలానికి లేదు.

ఆయన చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. రెండు కాళ్ళ మధ్యా వత్తులు తెల్లగా కుప్ప. కట్టకున్న పసుపు దారాన్ని పంటితో కొరికి తెంపుతున్నారు. బొటనవేలు నాలిక మీద పెట్టి, ఒక్కో వత్తినీ ఆ వేలితో ఇటు నుంచి అటు దొర్లిస్తున్నారు. మళ్ళీ నాలిక, మళ్ళీ వత్తి. కట్ట అయిపోగానే చిటికెడు పొడుం. ఆ వేళ్ళే మళ్ళీ దూదిలోకి. అటు వైపు పడ్డ కుప్ప తెల్లగా లేదు. గోధుమరంగు మచ్చలు, తడికి ముద్దకట్టిన పోగులు. నేను చూస్తుండగానే లెక్క ఆపి, ఒక వత్తి తీసి, చెవిలో పెట్టి గిర్రున తిప్పుకుని, దాన్ని చూసుకుని కిటికీలోంచి అవతల పారేశారు.

నేను గుమ్మంలోంచే అరిచాను.

“బావగారూ! ఎంగిలండీ! దేవుడి వత్తులండీ అవి!”

“అరవకమ్మా, లెక్క పోతుంది.”

“నాలిక మీద వేలు పెట్టి...”

“పొడి వేలికి దూది ఒకటొకటిగా రాదు, రెండేసి వచ్చేస్తాయి. తడుండాలి.”

“అక్క మడి కట్టుకుని చేసిందండి. మీ కోసం చేసిందండి.”

“ఎలాగూ కాల్చేదే కదా, కాల్చేదానికి మడేంటి? ఆ కంచం అక్కడ పెట్టి వెళ్ళు. ఏభై మూడు... ఏభై నాలుగు...”

కంచం కింద పడేసినంత పని చేసి, మిగిలిన కట్టలతో బుట్ట లాక్కుందామని ముందుకెళ్ళాను. ఆయన బుట్టని తొడ కిందికి జరుపుకుని, నేను బయటికొచ్చాక లోపల గడియ వేసుకున్నారు. సాయంత్రం మా ఆయన రాగానే చెప్పాను. “అన్నయ్యతో నేను పెట్టుకోలేను బాబూ. వదినొచ్చాక వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు” అన్నారు. రెండుకి తెగే రకం అని ఊరికే అనలేదు బావగారు.

పౌర్ణమి ముందు రోజు అక్క వచ్చింది. సంచి అరుగు మీద పెట్టి, కాళ్ళు కడుక్కుని గదిలోకి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను. బుట్ట మళ్ళీ దూలానికి వేలాడుతోంది. కట్టలన్నీ తిరిగి కట్టారాయన, మిల్లులో గోనెసంచులు కుట్టే పురికొసతో. అక్క ఒక కట్ట తీసి వెలుగులో చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తరవాత ఇంకొకటి తీసింది. మూడోది తియ్యలేదు.

బావగారు గుమ్మంలో నిలబడ్డారు, బహుమతి ఇవ్వబోతున్న మనిషిలా.

“మొత్తం చూశానే. ఎన్నొచ్చాయో తెలుసా? తొంభైతొమ్మిది వేల తొమ్మిదొందల తొంభైతొమ్మిది. ఒక్కటి తక్కువ! ఏం అంకే అది! మూడుకి తెగుద్ది, తొమ్మిదికి తెగుద్ది. కావాలని చేసినా రాదు అలాంటిది. నేను అప్పుడే చెప్పానా, నువ్వు ఎక్కడో ఒక చోట తప్పుతావని?”

అక్క చేతిలో కట్టలు తిరిగి బుట్టలో పెట్టేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

“తక్కువేం కాదండి. ఆ ఒక్కటీ మీరు చెవిలో తిప్పుకుని కిటికీలోంచి పారేశారు. నేను చూశాను” అన్నాను.

ఆయన నా వంక చూశారు. పెదాలు కదిపారు. మొహం మీద సిగ్గేమైనా వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఇంకా పెద్ద నవ్వొచ్చింది.

“అవునవును! అయితే సరిగ్గా లక్షేనే! ఒక్కటీ తేడా లేదు. ఏడాది పాటు ఒక్క వత్తి కూడా తప్పలేదంటే... శెభాష్! నువ్వు మిల్లులో ఉండాల్సినదానివే!”

పెళ్ళయ్యాక ఆయన అక్కని మెచ్చుకోవడం నేను చూసింది అదొక్కసారే. ఎంగిలి వత్తుల బుట్ట పక్కన నిలబడి మెచ్చుకున్నారు.

నేను ఆ పూటే పంతులుగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన మంచాయన. “దానికేముందమ్మా, తెలిసి చేసింది కాదుగా ఆవిడ. పసుపునీళ్ళు చల్లి నేతిలో నానబెడదాం, సంకల్పం నేను చెబుతాను, తీసుకురండి” అన్నారు. ఆ మాట తెచ్చి అక్కకి చెప్పాను. అక్క తల అడ్డంగా ఊపింది.

“పంతులుగారు ఒప్పుకున్నా నేను ఒప్పుకోలేను చెల్లీ. శివుడి ముందు పెట్టి, ఇవి శుభ్రంగా చేశానని ఏ నోటితో చెప్పను?”

“మళ్ళీ చేద్దాం అక్కా. వచ్చే ఏడు. ఈసారి మా వాటాలో దాచుకుందాం.”

“చూద్దాంలే” అంది.

పౌర్ణమి నాడు అక్క గుడికి వెళ్ళలేదు. నేను వెళ్ళి దీపం పెట్టి వచ్చాను. బావగారు ఆ రోజంతా కనపడినవాళ్ళందరికీ తొంభైతొమ్మిది వేల సంగతి చెప్పుకున్నారు.

తరవాత రెండు రోజులకి పొద్దున్నే నేను పెరట్లోకి వెళ్ళేసరికి, అక్క నీళ్ళపొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. పక్కన వెదురుబుట్ట. ఒక్కో కట్టనీ పురికొసతో సహా పొయ్యిలో పెడుతోంది. దూది భగ్గుమని అంటుకుని క్షణంలో ఆరిపోతోంది, మళ్ళీ ఇంకో కట్ట. మండుతున్న పొడుం ఘాటు పెరడంతా కొడుతోంది. అక్క మొహం మీద ఏమీ లేదు. పిడకలు పెట్టినట్టు పెడుతోంది.

బావగారు భుజం మీద తువ్వాలుతో వచ్చారు. “ఏంటే ఈ వాసన?”

“మీకు నీళ్ళు కాస్తున్నానండి.”

ఆయన పొయ్యిలోకి వంగి చూశారు. “వత్తులా?”

“మీ కోసం మొక్కుకున్నవే కదండీ” అంది అక్క. “మీ వంటికే పోస్తున్నాను.”

గొంతు పెంచలేదు. బిందెలోంచి వేడినీళ్ళు బకెట్లోకి వంచి, చన్నీళ్ళు కలిపి, వేలితో చూసి, ఆయన ముందు పెట్టింది. ఆయన నిలబడే ఉన్నారు. ఏదో ఒకటి అంటారు, కోపమైనా వస్తుంది, చెయ్యైనా ఎత్తుతారు అనుకుని నేను మా గుమ్మంలో నిలబడ్డాను.

“బకెట్టుకి ఎన్ని కట్టలు పట్టాయే?” అన్నారాయన.

అక్క ఇంకో కట్ట తీసి పొయ్యిలో పెట్టింది. ఆయన చెంబు తీసుకుని స్నానం చేసేశారు.

బుట్ట ఖాళీ అయ్యేదాకా రోజూ అలాగే జరిగింది. పెరట్లో పత్తి మొక్కల్ని అక్క మొదలంటా పీకించేసింది. వచ్చే ఏడాది వచ్చింది, కార్తీకం వచ్చింది, నేను అడగలేదు, అక్క అనలేదు. ఆ నోము జరగలేదు. మొక్కు తీరకపోతే నిలబడదనుకున్న ఆ ప్రాణం మాత్రం చాలా ఏళ్ళు నిక్షేపంలా నిలబడింది. టికెట్లు అడిగేవారు, పళ్ళు కుట్టుకునేవారు, స్తంభానికి రాసేవారు. ఒకసారి నేను ఉండబట్టలేక “చూశావా అక్కా, ఆ లక్షా లేకుండానే బతికారు” అన్నాను. అక్క కూర తరుగుతోంది. “అదే చూస్తున్నాను” అంది.

ఆయన పోయింది ఒక ఎండాకాలంలో, పగటిపూట, కుర్చీలో కూర్చునే. చివరి రోజుల్లో పక్క మీద ఉన్నారని గానీ, ఏవైనా మంచి మాటలు చెప్పారని గానీ రాద్దామన్నా అలాంటివేమీ జరగలేదు. కింద పడుకోబెట్టారు. నేను ఏడవలేదు. ఏడవడానికి గట్టిగా ప్రయత్నించాను, చుట్టూ జనం ఉన్నారని. ఆయన చెయ్యి పక్కకి పడి ఉంది. చిటికెనవేలి గోరే కనపడింది నాకు.

తల దగ్గర దీపం పెట్టాలన్నారు పెద్దవాళ్ళెవరో. ప్రమిద దొరికింది, నూనె తెచ్చారు. వత్తి లేదు. దేవుడి గూట్లో దూది ఉండ ఉంది, దాన్ని తెచ్చి ఎవరో అక్క చేతిలో పెట్టబోయారు. “మీ చేతులకి అలవాటే కదండీ, ఒక్కటి నలపండి” అంది పక్కింటావిడ. ఆవిడకేం తెలుసు!

అక్క ఆ దూది వంక చూసింది. చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు.

“మూల కొట్లో ప్యాకెట్లు అమ్ముతారు. ఒకటి తెప్పించండి” అంది.

తెప్పించారు. ఆ కొనుక్కొచ్చిన వత్తితోనే ఆయన తల దగ్గర దీపం వెలిగింది.

ఇంతేనండి నాకు తెలిసింది. చచ్చిపోయినవాళ్ళ గురించి చెడ్డ రాయకూడదంటారు, నేను రాసేశాను. ఇది చదివేవాళ్ళు నా తప్పులన్నీ మన్నించండి. గుణింతాలు తప్పినా, వాక్యం కుదరకపోయినా, ఏం తప్పైనా నాదే, మన్నించండి. ఆయన్ని మన్నించమని మాత్రం నేను అడగడం లేదు.